పిల్లి మెడలో గంట, పట్టాల మీద షార్టు

ఈ నెల ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చుంటే, నేను రాస్తున్నది మోడల్ రైళ్ల శీర్షికా, పశువైద్యుడి శీర్షికా అని అనుమానం వచ్చింది. పాయింటు (రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పట్టాలు) సరిగ్గా పడట్లేదనీ, టంకం నిలవట్లేదనీ అడిగినవాళ్లు ఈసారి లేనే లేరు. దాదాపు అందరి ఫిర్యాదూ నాలుగు కాళ్ల వాటి మీదే. ఒకరిది మాత్రం రెండు కాళ్లూ రెండు రెక్కలూ. సరే, అలాగే కానిద్దాం.

ప్రశ్న: హాల్లో ఒక గోడ పొడవునా బల్ల వేసి, పట్టాలు, కొండ, ఊరు అన్నీ పెట్టి హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు) లేఅవుట్ కట్టుకున్నాను. రైలు కదిలితే చాలు, మా పిల్లి పంజాతో కొట్టి పడేస్తోంది. కొండ లోపల దూరి నిద్రపోతోంది. బల్ల ఎత్తు పెంచితే ఎక్కడం మానేస్తుందా? అంచుల వెంట మిరియాల పొడి చల్లమని ఒకరు, నారింజ నూనె రాయమని ఇంకొకరు చెప్పారు. ఏది మంచిది సార్?

జవాబు: రెండూ వద్దండి. మిరియాల పొడి ముందు పిల్లి కళ్లలోకి, తర్వాత మీ ఇంజిను గేర్లలోకి వెళ్తుంది. నారింజ, నిమ్మ జాతి నూనెలు, టీ ట్రీ నూనె లాంటివి పిల్లి ఒంటికి పడవు. వాటిని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి తక్కువ. పాదానికి అంటిన ప్రతిదాన్నీ అది నాకేస్తుందని మీకు తెలిసిందే. నాఫ్తలీన్ ఉండలదీ అదే కోవ. నీళ్లు పిచికారీ చెయ్యమనేవాళ్లు కూడా మీకు తగులుతారు. దాంతో పిల్లి నేర్చుకునేది ఒక్కటే, మీరు చూస్తుండగా ఎక్కకూడదని. పైగా కరెంటు పనుల దగ్గర నీళ్లేమిటి?

ఇక ఎత్తు. 1.5 మీటర్ల ఎత్తుకు పిల్లి పరుగైనా తీయకుండా ఎగురుతుంది. ఛాతీ ఎత్తు బల్ల దానికి ఒక లెక్క కాదు. పెంచినకొద్దీ కింద పడే ఇంజినుకే దెబ్బ ఎక్కువ. దానికన్నా అంచు వెంట ఓ 15 సెంటీమీటర్ల ఎత్తున పారదర్శకమైన ఆక్రిలిక్ పట్టీ బిగించండి. అది పిల్లిని ఆపదు. పంజా దెబ్బ తిన్న బోగీని నేల మీద పడకుండా ఆపుతుంది. మనకు కావలసింది అదే.

అసలు అది ఎందుకు కొడుతోంది? ఒకే వేగంతో గుండ్రంగా తిరిగే రైలు చాలా పిల్లులకు కాసేపట్లో విసుగే. స్టేషన్లో ఆగి, కొంచెం కదిలి, మళ్లీ ఆగే రైలుంది చూశారూ, దాన్ని చూస్తే మాత్రం ఊరుకోలేవు. వేట అలాగే కదులుతుంది కదా. ఇంకో సంగతి మనవాళ్లు పట్టించుకోరు. డీసీసీ అంటే పట్టాల ద్వారానే ఒక్కో ఇంజినుకూ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి. ఇంజినులో ఉండి వాటిని అందుకునే డీకోడర్లలో చాలావరకు మోటారుకు ఇచ్చే కరెంటును సెకనుకు 20 వేల సార్ల చొప్పున, కొన్ని అంతకన్నా ఎక్కువగా, ముక్కలు చేసి పంపిస్తాయి. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఇంజిను చప్పుడు లేకుండా పోతోందని మురిసిపోతాం. పిల్లి చెవి 60 కిలోహెర్ట్జ్ దాటి వింటుంది. మీకు మూగగా పోయే ఇంజిను దానికి కీచుకీచుమంటూ పోతుండవచ్చు. కీచుమంటూ ఆగి ఆగి కదిలేదాన్ని పట్టొద్దని పిల్లికి చెప్పడం ఎవరి వల్ల అవుతుంది?

అందుకని రైలు నడిపే ముందు ఓ పావుగంట దారానికి కట్టిన బొమ్మతో దాన్ని బాగా పరిగెత్తించండి. వెంటనే తిండి పెట్టండి. వేట, తిండి, నిద్ర, అదీ దాని వరస. అది కునుకు తీసే వేళే మీ టైం టేబుల్. ఆట అయ్యాక ఆ దారం మాత్రం బీరువాలో పెట్టెయ్యండి, ఎందుకో కింద చెప్తాను.

లేఅవుట్ కన్నా ఎత్తులో, అక్కడి నుంచి లేఅవుట్ మొత్తం కనబడేలా ఒక అర వేసి పాత దుప్పటి పరచండి. పిల్లికి కావలసింది మీ ఊరి మధ్యలో చోటు కాదు, అందరికన్నా పైన కూర్చుని చూడటం. నా దగ్గర అన్నిటికన్నా బాగా పనిచేసిన ఉపాయం ఇదే. దుప్పటి మాత్రం అది ఇదివరకే పడుకునేదై ఉండాలి, కొత్తది వేస్తే తొంగి కూడా చూడదు.

కొండ సంగతికొస్తే, హెచ్‌ఓలో ఒంటి లైను సొరంగం ద్వారం 5, 6 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. ఎదిగిన పిల్లి అందులోంచి దూరదు. లోపల రైలు పట్టాలు తప్పితే చెయ్యి పెట్టడానికని కొండ వెనక మీరే తెరిచి ఉంచిన చోటు నుంచి వెళ్తోంది. దానికి జాలీ తలుపు పెట్టి, రెండు చిన్న అయస్కాంతాలతో ఆనించండి. అవి ఊడిరాకుండా ఎపాక్సీతో అతికించండి. మీరు లాగితే వచ్చేయాలి, పిల్లి తోస్తే రాకూడదు.

ప్రశ్న: కొత్త ట్రాక్‌కు కంకర పోసి, జిగురు మర్నాడు వేద్దామని పడుకున్నాను. తెల్లారేసరికి మా పిల్లి దాన్ని తవ్వి పని కానిచ్చింది.

జవాబు: మన కంకర, దాని మరుగు తొట్టెలో గుళికలు, రెండూ దాని కంటికి ఒక్కటేనండీ. పోసినరోజే జిగురు వెయ్యండి: తెల్ల జిగురు ఒక వంతు, నీళ్లు రెండు వంతులు, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క. ఆరేదాకా అట్టపెట్టె బోర్లించండి. తడిసిన చోట ఎంజైమ్ క్లీనర్ వాడండి, అమోనియా ఉన్నవి వద్దు. ఆ వాసనకు ఇది నా చోటే అనుకుని మళ్లీ వస్తుంది. ఇదంతా ఒక ఎత్తు. మగపిల్లి అదే పనిగా ముక్కుతూ చుక్కలు చుక్కలుగా పోస్తుంటే మాత్రం అది అల్లరి కాదు, మూత్రం అడ్డుపడి ఉండొచ్చు. ఆరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: డీసీసీ వ్యవస్థ ఉన్నట్టుండి ఆగిపోతోంది. కాసేపటికి దానంతటదే వస్తోంది. వైరింగ్ అంతా వెతికాను, తప్పేమీ లేదు. విచిత్రం ఏమిటంటే పిల్లి లేఅవుట్ మీద పడుకున్నప్పుడే ఇలా అవుతోంది. పిల్లి ఒంట్లోంచి కరెంటు పోతుందా?

జవాబు: పోదు. దాని మెడ చూడండి. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని సామెత. మీ ఇంట్లో ఎవరో కట్టేశారు, చిక్కంతా అక్కడే. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. పేరు చెక్కిన లోహపు బిళ్ల అంతకన్నా వెడల్పే ఉంటుంది. పిల్లి గడ్డం ఆనించి పడుకోగానే బిళ్ల రెండు పట్టాలనూ కలిపేస్తుంది, షార్టు. బూస్టర్ (పట్టాలకు కరెంటు ఇచ్చే పెట్టె) కరెంటు ఆపేసి, కాసేపాగి మళ్లీ ఇచ్చి చూస్తుంది. పిల్లి ఈలోపు దొర్లి ఉంటే అంతా మామూలే.

నవ్వుకుని వదిలేసే విషయం కాదిది. 15 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లంటే 75 వాట్లు. బ్రేకర్ వెంటనే పడకపోతే ఆ బిళ్ల కాలుతుంది, అదీ మెడ దగ్గర. ఈ రాత్రే ఒక పరీక్ష చెయ్యండి. నాణెం తీసుకుని బూస్టర్‌కు దగ్గర్లోనూ, లేఅవుట్ కొసనా పట్టాలకు అడ్డంగా పెట్టి చూడండి. ఎక్కడ పెట్టినా తక్షణం ఆగిపోవాలి. కొసన ఆగలేదంటే అక్కడికి వచ్చే వైరు సన్నమో, ఫీడర్లు (పట్టాలకు కరెంటు చేర్చే చిన్న వైర్లు) తక్కువో. లావు వైరు లాగి, ట్రాక్‌కు ఇంకొన్ని ఫీడర్లు కలపండి. బిళ్ల తీసేసి, గట్టిగా లాగితే ఊడిపోయే గుడ్డ పట్టీ కట్టండి. పేరు దాని మీదే కుట్టించవచ్చు.

ప్రశ్న: ఇంజిను కుంటుతోంది. పట్టాలు తళతళలాడేలా తుడిచాను, అయినా అంతే. ఇంట్లో బొచ్చు పిల్లులు రెండున్నాయి.

జవాబు: ఇంజినును స్పాంజి మీద వెల్లకిలా పడుకోబెట్టి, చక్రం లోపలి వైపు ఇరుసును భూతద్దంతో చూడండి. నల్లటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో వేసిన రబ్బరనుకుంటారు. కాదు, వెంట్రుకలు నూనెలో నాని దుమ్ముతో గట్టిపడిన చుట్ట. సూదిమొనతో ఒక కొస లేపండి. బ్లేడుతో ఇరుసు పొడవునా చిన్న గాటు పెడితే చుట్ట విచ్చుకుంటుంది, అప్పుడు పట్టకారుతో లాగాలి. గాటు పెట్టకుండా లాగితే బిగుసుకుని ఇరుసును కోస్తుంది. చక్రం వెనక తాకుతూ పల్చటి లోహపు రేకు ఉంటుంది, కరెంటు తీసుకునేది అదే. కొంచెం వంగినా ఇంజిను మళ్లీ కుంటుతుంది, బ్లేడు అటు పోనివ్వకండి. తర్వాత కింది మూత విప్పి వార్మ్ గేరు (మోటారుకు ఉండే మరచుట్టు లాంటి గేరు) కూడా చూసుకోండి.

నూనె ఎక్కువైన చోటే బొచ్చు అంటుకుంటుంది. సూదిమొన మీద నిలిచినంత చాలు. వాక్యూమ్ పెట్టేటప్పుడు గొట్టం మూతికి పాత మేజోడు తొడిగితే బొచ్చూ దుమ్మూ లోపలికి పోతాయి, ప్లాట్‌ఫారం మీద మనుషులు మేజోడుకు అంటుకుని దొరికిపోతారు. పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి. అది అంటుకునే ద్రవం, చక్రాల కింద నిప్పురవ్వలు మామూలే.

ప్రశ్న: కుక్కపిల్ల ఒక బోగీని నమిలేసింది. లోపలి దీపం స్విచ్చి కోసం పెట్టిన చిన్న నియోడిమియం అయస్కాంతాలు రెండూ కనబడట్లేదు. కుక్కపిల్ల హుషారుగానే ఉంది. రెండు రోజులు చూద్దామా?

జవాబు: ఈ పాఠకురాలికి ఉత్తరం అందిన వెంటనే ఫోన్ చేసి చెప్పాను. ఇది మిగతావాళ్ల కోసం. చూడొద్దు, గంట కూడా ఆగొద్దు. అయస్కాంతం ఒక్కటే అయితే దారిన పడి బయటికి వచ్చేయవచ్చు. రెండుంటే పేగు రెండు మడతల్లో అటొకటీ ఇటొకటీ చేరి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో నలిగిన పేగుగోడకు రక్తం అందక చిల్లు పడుతుంది. అప్పటిదాకా పిల్ల హుషారుగానే కనిపించవచ్చు. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలు వద్దు. అలాంటి అయస్కాంతమే ఇంకొకటుంటే పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి, ఎక్స్‌రేలో దేన్ని వెతకాలో తెలుస్తుంది. బటన్ బ్యాటరీ మింగినా ఇంతే తొందర, అది గొంతును గంటల్లో కాల్చేస్తుంది. పిల్లి నోట్లోంచి దారమో సన్నని తీగో వేలాడుతుంటే లాగకండి. రెండో కొస లోపల పేగులో ఎక్కడ చిక్కుకుందో మీకు తెలియదు. కోసేస్తుంది.

ప్రశ్న: మా కుక్క తోక ఊపితే ఎన్ స్కేలు స్టేషనంతా ఖాళీ.

జవాబు: తోక వంకర తీయలేం కాబట్టి బల్ల పెంచండి. పిల్లి దగ్గర పనికిరాని ఎత్తు కుక్క దగ్గర పనికొస్తుంది: తోక ఎంత ఎత్తున ఊగుతుందో చూసి, దానిపైన ఇంకో జానెడు. ఎన్ స్కేలు అంటే 1:160, అందులో మనిషంటే ఒక సెంటీమీటరు చిల్లర. ఒక్కొక్కరి కాలికీ సన్నని తీగ గుచ్చి ఫోమ్‌లో దించితే గాలికి కూడా నిలబడతారు.

ప్రశ్న: చిలక పంజరం ఉన్న గదిలో టంకం పెట్టొచ్చా?

జవాబు: వద్దు. పక్షుల ఊపిరితిత్తులు పొగను మనకన్నా చాలా వేగంగా పీల్చుకుంటాయి. పంజరం తలుపు తీస్తే మెరిసే టంకం బొట్లను ఏరి కొరుకుతుంది, 60/40 టంకంలో 40 వంతులు సీసమే. ఇంకో గదిలో పెట్టుకుని, అయ్యాక బల్లా నేలా తడిగుడ్డతో తుడవండి.

ప్రశ్న: నేను 7వ తరగతి. రైలు సొరంగంలోకి వెళ్లగానే మా పిల్లి రెండో చివరకు పరిగెత్తి కూర్చుంటుంది. రైలు అక్కడికే వస్తుందని దానికెలా తెలుసు?

జవాబు: మంచి ప్రశ్న వేశావు. కళ్లముందు దాక్కున్న వస్తువు మాయమైపోలేదని పిల్లులకు తెలుసు. ఎలుక కన్నం దగ్గర కాపు కాసేది అందుకే. కానీ మీ పిల్లి చెవులతో రైలును లోపల వెంబడిస్తోందా, లేక రోజూ అటే వస్తుంది కదా అని వెళ్లి కూర్చుంటోందా? అది నువ్వే తేల్చవచ్చు. రైలును సొరంగం మధ్యలో ఆపి, ఒక నిమిషం ఆగి, వెనక్కి నడుపు. కదలగానే పిల్లి వెనక్కి పరిగెత్తితే చెవులు, అక్కడే కూర్చుంటే అలవాటు. వెంటవెంటనే చేస్తే అది నీ కిటుకు నేర్చేసుకుంటుంది, రోజుకు ఒకసారి చాలు. ప్రతిసారీ ఏం చేసిందో నోట్‌బుక్‌లో రాసి నాకు పంపు, వచ్చే నెల ఇక్కడే వేస్తాను.