హోర్డింగు మీది బర్గర్‌కీ, పెట్టెలో వచ్చిన బర్గర్‌కీ అంత తేడా ఎందుకు?

విశాఖ సిరిపురంలో హోర్డింగు చూసి నోరూరి ఆర్డర్ పెడితే నలిగిపోయిన బన్ను ఒకటి వచ్చిందనీ, ఇది మోసం కాదా అనీ అడిగారు. సగం మోసమే, సగం కాదు. ఏ సగం ఏదో చెప్పగలననే నమ్మకం నాకుంది. ద్వారకానగర్‌లో ఒక ఫొటో స్టూడియోలో కొన్నేళ్లు అసిస్టెంటుగా చేశాను. పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక మాకు కూడు పెట్టింది మెనూ కార్డులు, షాపు బోర్డులు, డెలివరీ యాప్‌ల కోసం తీసే తిండి ఫొటోలే.

బర్గర్ షూటింగ్ అంటే ముందు బన్ను ఏరుకోవడం. నాలుగైదు ప్యాకెట్లు విప్పి, గీతా నొక్కూ లేనిది ఒకటి పట్టుకుంటాం. నువ్వులు రాలిపోయిన చోట గుడ్డు తెల్లసొన రాసి, ట్వీజర్‌తో ఒక్కో గింజా అతికిస్తాం. ప్యాటీని, అంటే బన్నుల మధ్య పెట్టే బిళ్లని, పూర్తిగా వేయించం. వేగేకొద్దీ నీరూ కొవ్వూ కారిపోయి అది ముడుచుకుపోతుంది. అందుకని పెనం మీద రంగొచ్చేదాకా తిప్పి దించేసి, బ్రష్‌తో నూనె పూస్తాం. (లోపల పచ్చిగానే ఉంటుంది. షూటింగ్ అయ్యాక ఎవరైనా చెయ్యి చాపితే మా సారు కసిరేవారు.) టమాటా, ఉల్లి చక్రాలను సగానికి కోసి, గుండ్రటి అంచు కెమెరా వైపు వచ్చేలా ముందుకు జరుపుతాం. సాసు సిరంజితో చుక్కలు చుక్కలుగా పెడతాం, అదీ ముందు వైపే. అంతా కూలిపోకుండా లోపల టూత్‌పిక్కులు గుచ్చుతాం. ఆఖర్న ఐసు నీళ్లలోంచి లెట్యూస్ ఆకు తీసి దోపి, చకచకా ఫొటోలు కొట్టేస్తాం. వెనకనుంచి చూస్తే ఉత్త రొట్టె. సరుకంతా ఒకే పక్కకు నెట్టి నిలబెట్టిన సినిమా సెట్టింగులాంటిదే అది.

బిర్యానీ అయితే మరీను. హండీలో చిన్న గిన్నె బోర్లించి, దాని మీద రైసు పల్చగా పరిచి, లెగ్ పీసులన్నీ పైకి తేలేలా పేరుస్తాం. ఓనరు పక్కనే నిలబడి "పీసులు కనబడాల బాబూ, పీసులు!" అంటుంటాడు.

ఇదేమంత రహస్యం కాదు. 2012లో కెనడాలో ఒక కస్టమర్ అచ్చం మీలాగే అడిగితే, మెక్‌డొనాల్డ్స్ కంపెనీయే వీడియో తీసి చూపించింది. షాపులో నిమిషంలో కట్టిచ్చిన బర్గర్‌నీ, స్టూడియోలో గంటల తరబడి కూర్చి కంప్యూటర్‌లో మెరుగులు దిద్దిన బర్గర్‌నీ పక్కపక్కన పెట్టారు. సరుకు రెండింట్లోనూ ఒకటేననీ, లోపల ఏమేం ఉన్నాయో తెలియాలని అన్నిటినీ ముందు అంచుకి తెచ్చామనీ, పెట్టెలో ఆవిరికి బన్ను కాస్త కుంచించుకుపోతుందనీ చెప్పారు. నా మటుకు నాకు అది సబబైన జవాబే. ఫొటోకి వాసన లేదు, వేడి లేదు. ఉన్నదాన్ని కంటికి ఆనేలా పెట్టడం తప్పనను.

ఆవిరి సంగతి మన ఊళ్లో ఇంకాస్త ఎక్కువ. సముద్రపు గాలికి అప్పడం కూడా పది నిమిషాలు నిలవదు కదా. ఉక్కపోత రోజు సిరిపురంలో కట్టిన పెట్టె మధురవాడ చేరేసరికి, మూత లోపల పట్టిన చెమటంతా బన్ను మీదే కారుతుంది. ఫ్రెంచ్ ఫ్రైస్ మెత్తబడిపోతాయి. దీనికి ప్రకటనను తిట్టి లాభం లేదు. దగ్గర్లో ఉంటే వెళ్లి అక్కడే తినడం మేలు.

మోసం అన్నది ఎక్కడ మొదలవుతుందో మా అక్క కొడుకు చూపించాడు. ఎంవీపీ కాలనీలో వాళ్లింట్లో ఉండగా, పేరున్న ఒక చోటునుంచి చికెన్ బర్గర్ తెప్పించుకున్నాడు. యాప్‌లో బొమ్మ పక్కన పెట్టి, "ఏటి మావయ్యా ఇది? బొమ్మలో చికెన్ బన్ను దాటి బయటికొచ్చేసింది, ఇందులో ఎతుక్కోవాల్సొస్తంది" అన్నాడు. పై బన్ను తీసి చూశాను. ప్యాటీ చుట్టూ వేలెడు వెడల్పున ఉత్త బన్నే ఉంది. మేం ఎంత ముందుకు నెట్టినా ప్యాటీ చుట్టుకొలత పెరగదు. కాబట్టి బొమ్మలో ఉన్నది ఇదే ప్యాటీ అయ్యుండదు, లేదా ఇదే ప్యాటీని పచ్చిగా ఉండగా తీసుంటారు. సర్దుబాటు వేరు, కొలత వేరు. కొలత దగ్గర తేడా వస్తే నేను స్టూడియో వాళ్ల పక్షాన మాట్లాడను.

అమెరికాలో కోర్టుల దాకా వెళ్లింది కూడా కొలత గొడవే. బర్గర్ కింగ్ ప్రకటనల్లో వాపర్ అనే బర్గర్ అసలుకన్నా 35 శాతం పెద్దదిగా కనిపిస్తోందని 2022లో ఫ్లోరిడాలో దావా వేస్తే, 2023లో జడ్జి దాన్ని పూర్తిగా కొట్టేయకుండా ముందుకు సాగనిచ్చారు. అదే ఏడు న్యూయార్క్‌లో మెక్‌డొనాల్డ్స్, వెండీస్ మీద వేసిన ఇలాంటి దావాను మాత్రం కొట్టేశారు. ప్రకటనల కోసం సగం ఉడికిన ప్యాటీలు వాడుతున్నారన్నది అక్కడ ఒక ఆరోపణ. చదివినప్పుడు నాకు మా పెనమే గుర్తొచ్చింది.

అసలు బొమ్మల విషయంలో సాయంత్రం రోడ్డు పక్క నూడిల్స్ బండిని మించిన అబద్ధం లేదు. ఫ్లెక్సీ మీద బ్రకోలీ, ఎర్ర క్యాప్సికం, పింగాణీ గిన్నె, రెండు పుల్లలు. ఎవరో నెట్లో దించి వేసిన బొమ్మ. బండి మీద ఉండేది క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు, ప్లాస్టిక్ ఫోర్కు. అయినా బ్రకోలీ ఏదని గొడవ పెట్టుకున్నవాణ్ణి నేనైతే చూడలేదు. పెనం కళ్లెదురుగా ఉంది, "అన్నా, గుడ్డు కొంచెం ఎక్కువెయ్" అని అడిగే వీలుంది. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్‌కైతే బొమ్మతో పనే లేదు. సరుకు చూడకుండా డబ్బు కట్టే చోటే బొమ్మకి విలువ, అందుకే అన్నిట్లోకీ యాప్ ఫొటోల మీద నాకు అనుమానం ఎక్కువ. మేం ఒక బేకరీకి తీసిన కేకు ఫొటో గాజువాకలో వేరే షాపు బోర్డు మీద నేనే చూశాను.

కాబట్టి బొమ్మ వదిలేసి గ్రాములు చూడండి. 10 లేదా అంతకుమించి శాఖలున్న తిండి షాపులు మెనూలో ఒక్కో ఐటెమ్‌కి కేలరీలూ, వడ్డించే పరిమాణమూ చూపించాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన ఉంది. 2022 జులై నుంచి అమల్లోకి వచ్చింది. యాప్‌లో అయితే ఐటెమ్ వివరాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండు బర్గర్లు ఒకే ధరకి ఉన్నప్పుడు ఆ అంకె చాలా సంగతులు చెప్తుంది.

ఫిర్యాదు చేయాలనుకుంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకి ఇచ్చిన నిర్వచనంలో నాణ్యతతో పాటు పరిమాణం కూడా ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. "బొమ్మ ఊహాజనితం" అని మూలన చీమ తలకాయంత అక్షరాల్లో వేసి తప్పించుకోవడానికి కూడా ఆ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒప్పుకోవు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. బిల్లు, యాప్ స్క్రీన్‌షాట్ దగ్గరుంచుకోండి. బన్ను నలిగిందని మాత్రం రాయకండి, దానికి ఎవరూ ఏమీ చేయరు. పై బన్ను తీసి, ప్యాటీ పక్కన పిల్లల స్కేలు పెట్టి ఫొటో తీసి పంపండి.