లైమ్ అంటే నిమ్మ అని రాసేముందు

బిడ్డా,

మంచినీళ్ల కరపత్రాలు, తోటల పుస్తకాలు ఇంగ్లిషు నుంచి తెలుగు చేసే పని పట్టినవని మీ నాయిన ఫోన్ల చెప్పిండు. కడుపు నిండింది. ఎంబడే భయం గూడ పట్టుకుంది. పెద్ద మాటలతోటి భయం లేదు, వాటికి నువ్వెట్లాగూ డిక్షనరీ తీస్తవ్. నాలుగక్షరాల మాట వస్తెనే, తెలిసిందే గదా అని చూడకుండ రాసేస్తరు.

మొత్తం చదివినంకనే కలం పట్టు. తెలువనిది అడుగు. అంకెలు రెండుసార్లు సరిచూడు. ఇవి నీకు తెలిసినవే.

లైమ్ సంగతే చెప్త. అది ఒక్క మాట కాదు, మూడు. సున్నం అనే లైమ్ ఇంగ్లిషోళ్ల సొంత పాతమాట. 'లీమ్' అంటే మొదట్ల బంక, గచ్చు, అతుక్కునేది ఏదైనా. జర్మన్‌ల జిగురును ఇప్పటికీ లైమ్ అనే అంటరు. పిట్టలను పట్టే బంక బర్డ్‌లైమ్‌ల ఆ అర్థమే మిగిలింది. పండు లైమ్ అరబ్బీ 'లీమా' నుంచి స్పానిష్, ఫ్రెంచి మీదుగ 17వ శతాబ్దంల వచ్చింది. మూడోది లిండెన్ చెట్టు, యూరప్ వీధుల పక్కన పెంచే నీడచెట్టు. 'లిండ్' అరిగి 'లైన్', అదే 'లైమ్' అయింది. దానికి నిమ్మతోటి చుట్టరికమే లేదు. లండన్ వీధిల లైమ్ చెట్ల నీడ అని వస్తే అక్కడ నిమ్మతోట పెట్టకు.

మన దిక్కు ఇంకో చిక్కు. తోటల పుస్తకంల యాసిడ్ లైమ్ అంటే నకిరేకల్ మార్కెట్‌కు పోయే మన నిమ్మే. పేపర్లల్ల స్వీట్ లైమ్ అంటే బత్తాయి, కానీ మన సాత్‌గూడి బత్తాయి శాస్త్రం ప్రకారం నారింజ జాతి. అదే పేజీ కింద తెగుళ్లకు కొట్టే మందు, బోర్డో మిశ్రమం ఉంటది: 100 లీటర్ల నీళ్లకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 1 కిలో, లైమ్ 1 కిలో. ఆ లైమ్ సున్నం! కలిపినంక మెరిసే ఇనుప మేకు ముంచి తీస్తే దాని మీద ఎర్రగ రాగి పడిందనుకో, సున్నం చాలలేదు, ఆకు మాడుతది.

ఆకు మాడితే మళ్ల చిగురేస్తది. నాకు నిద్ర పట్టనియ్యనిది నీళ్ల కరపత్రం. ఫ్లోరైడ్ తీసేటందుకు నాగ్‌పూర్‌ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' తయారుచేసిన పద్ధతికి మన జిల్లా పేరే, నల్గొండ టెక్నిక్. అండ్ల పటిక, లైమ్, బ్లీచింగ్ పౌడర్ అని ఉంటది. పటిక పక్కన లైమ్ కనబడంగనే చెయ్యి నిమ్మరసం దిక్కు పోతది. పాత గుంత అది. పటిక కలిస్తే నీళ్లు ఆమ్లమైతయి. సున్నం, పటికల దాదాపు ఇరవయ్యో వంతు, ఆ ఆమ్లాన్ని విరుస్తది. అప్పుడే పటికలున్న అల్యూమినియం తెల్లటి దూదిపింజల లెక్క కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుక్కు దిగుతది. నిమ్మ పిండితే పులుపు మీద పులుపు. సిట్రిక్ ఆమ్లం అల్యూమినియాన్ని నీళ్లల్లనే పట్టి ఉంచుతది. పింజలు కట్టవు, ఫ్లోరైడ్ దిగదు. పైన చూస్తే నీళ్లు తేటగనే ఉంటయి, ఎవ్వరికీ అనుమానం రాదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినయని నాలుక చెప్పలేదు. మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ నీళ్లతోటి వంగిన కాళ్లు చూసిన ఊళ్లకు ఆ కాగితం పోతది, యాది పెట్టుకో.

సున్నం అని రాస్తే గూడ సగమే అయింది. క్విక్‌లైమ్ అంటే కాల్చిన సున్నం. పాత ఇంగ్లిషుల క్విక్ అంటే ప్రాణమున్నది. నీళ్లు పోయంగనే బుసకొట్టి సలసల కాగుతది, కండ్లల్ల చిందితే చూపు పోతది. స్లేక్డ్ అంటే దప్పిక తీరినది, నీళ్లు పోసి చల్లార్చిన సున్నం. ఏ సున్నమో రాయకుంటే చదివినోళ్ల చేతులు కాలుతయి.

అనుమానమొస్తే చుట్టుపక్కల మాటలు చూడు. కిలోలు, బస్తాలు, బట్టీ ఉంటే సున్నం. రసం, తొక్క, గింజ ఉంటే పండు. నీడ, బాట, తేనె ఉంటే లిండెన్. రాసినంక నానమ్మకు చదివి వినిపించు. నీళ్ల కాగితం విని "నిమ్మకాయలెన్ని పిండాల్నే?" అని అడిగిందంటే చింపెయ్యి.

తిట్టినట్టున్న, ఏమనుకోకు. రాత్రి పది దాటినంక అంకెలు దిద్దకు, కండ్లు మోసం చేస్తయి. మొదటి కరపత్రం అచ్చుకు ఇయ్యకముందు నాకు పంపు. సైకిల్ మీదైనా వచ్చి చూసి పోత.

నీ పెద్దనాయిన