సెలూన్ ఉద్యోగం వదిలి సొంతంగా హెయిర్ స్టైలిస్టుగా నిలదొక్కుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: కొన్నేళ్లుగా ఒక సెలూన్‌లో కమిషన్ మీద చేస్తున్నారు, పని మీద పట్టు వచ్చింది, సొంతంగా చేసుకోవాలని ఉంది. కానీ కొత్త కస్టమర్లు ఎక్కడినుంచి వస్తారు, ఎంత తీసుకోవాలి, ముందు ఏదైనా పెద్ద కోర్సు చేయాలా అన్నది తేలడం లేదు. నేను ఆ దారినే వచ్చాను, ఇప్పటికీ ఒక్కదాన్నే పని చేసుకుంటున్నాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

కొత్తవాళ్ల గురించి మీకున్న బెంగ నాకు అర్థమవుతుంది. అయితే మన పనిలో ఇల్లు గడిచేది రెండోసారి వచ్చేవాళ్ల వల్ల. ఒక్కసారి లెక్క వేసి చూడండి. జుట్టు నెలకు సుమారు ఒకటింబావు సెంటీమీటరు పెరుగుతుంది. పొట్టి కటింగ్ అయితే నెలా నెలన్నరకు ఆకారం తప్పుతుంది, నెరిసిన జుట్టుకు రంగు వేయించుకునేవారికి ఈలోపే పాపిటలో తెల్లగీత పడుతుంది. ఆరు వారాలకోసారి వచ్చే మనిషి ఏడాదికి ఎనిమిది, తొమ్మిది సార్లు మీ కుర్చీలో కూర్చుంటారు. అలాంటివారు 60 మంది ఉంటే వారానికి పది అపాయింట్‌మెంట్లు, 100 మంది ఉంటే పదహారు, పదిహేడు. అందులో సగం రంగు పనే అయితే వారం దాదాపు నిండినట్టే. వేలమంది ఫాలోయర్లు అక్కర్లేదు, మిమ్మల్ని వదలని వందమంది చాలు. ఇప్పటినుంచే ఒక చిన్న పుస్తకంలో, ప్రత్యేకంగా మీ పేరు చెప్పి మళ్లీ వచ్చినవారిని లెక్కపెట్టండి. మీరు ఉద్యోగం ఎప్పుడు మానాలో ఆ అంకె చెబుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. సెలూన్ రిజిస్టరులోంచి ఫోను నంబర్లు రాసుకుని రావద్దు. మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో కస్టమర్లను తీసుకెళ్లకూడదని, ఫలానా దూరంలో కొంతకాలం పని చేయకూడదని షరతులు ఉండవచ్చు, తీసి చదవండి. షరతు లేకపోయినా ఆ జాబితా మీది కాదు. మీ చేతిపని కోసం వచ్చేవారు వెతుక్కుంటూ వస్తారు. ఇంటికి దగ్గరని, అలవాటు పడిందని అక్కడికి వచ్చేవారు అక్కడే ఉంటారు. మీరంటే ఎంతో ఇష్టమన్నవారిలోనూ కొందరు రారు, దానికి నొచ్చుకోకండి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, వేరేవారి సెలూన్‌లో కుర్చీ అద్దెకు తీసుకోమంటాను. ఇళ్లకు వెళ్లి చేసే పనిలో సగం రోజు ప్రయాణానికే పోతుంది, పైగా ప్రతి ఇంట్లోనూ జుట్టు కడగడానికి సరైన ఏర్పాటు ఉండదు. సొంత గది తర్వాత చూసుకోవచ్చు. కుర్చీ అద్దెకు తీసుకునే ముందు తువ్వాళ్లు ఎవరు ఉతుకుతారు, షాంపూ ఎవరిది, తాళంచెవి మీకిస్తారా, సెలవు పెట్టిన వారానికీ అద్దె కట్టాలా అన్నవన్నీ కాగితం మీద రాయించుకోండి. లైసెన్సు, బీమా, పన్నుల సంగతి మీరుండే చోటి నిబంధనలను బట్టి మొదటి కస్టమరు కూర్చోక ముందే తేల్చుకోవాలి.

మాటల్లో మాట, 1888లో అమెరికాలోని రోచెస్టర్‌లో సొంత సెలూన్ తెరిచిన మార్తా మటిల్డా హార్పర్ అంతకుముందు దాదాపు పాతికేళ్లు ఇళ్లల్లో పనిమనిషిగా చేసింది. ఆవిడకు ప్రకటన ఏమిటంటే నేల తాకేంత పొడవున్న తన జుట్టే. వెనక్కి వాలే షాంపూ కుర్చీ కూడా ఆవిడ ఆలోచనేనని చెబుతారు. మెడ నొప్పి పెట్టకుండా తల కడిగితే మనిషి మళ్లీ వస్తుందని ఆవిడకు అప్పుడే తెలుసు.

ఇక అసలు పని, కస్టమరుతో మొదటి పదిహేను నిమిషాలు. చాలామంది స్టైలిస్టులు దీన్ని మర్యాద కోసం జరిగే మాటామంతీ అనుకుంటారు. నా దృష్టిలో కత్తెర పట్టడం కంటే కష్టమైన పని ఇదే.

కొత్త మనిషి వచ్చినప్పుడు జుట్టును పొడిగా ఉండగానే చూడండి. తడిస్తే జుట్టు సాగుతుంది, ఉంగరాలు విప్పుకుంటాయి, నుదుటి దగ్గరి సుడి, మెడ వెనుక సుడి అణిగిపోతాయి. అప్పుడు తెంపిన కొలత ఆరాక పైకి పోతుంది. తర్వాత జుట్టు చరిత్ర అడగండి. భుజాల దాకా వచ్చే 30 సెంటీమీటర్ల జుట్టు కొసకు దాదాపు రెండేళ్ల వయసుంటుంది. కాబట్టి ‘ఈమధ్య ఏమైనా వేశారా’ అని అడిగితే లాభం లేదు. ‘ఈ రెండు మూడేళ్లలో రంగు, హెన్నా, స్ట్రెయిటెనింగ్ ఏవైనా చేయించారా, ఇంట్లో మీరే వేసుకున్నారా’ అని విడివిడిగా అడగాలి. ఇంట్లో వేసుకున్న దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు, అడిగితే తప్ప చెప్పరు.

ఉదాహరణకు, ఇంట్లో నల్లరంగు వేసుకుంటూ వచ్చిన ఆవిడ ఫోనులో లేత గోధుమరంగు జుట్టు ఫోటో చూపించి ఇవాళే కావాలంటుంది. వేసిన రంగును కొత్త రంగు లేతగా మార్చలేదు, పాతది తీయడానికి వేరే పని ఉంది. అప్పుడు చెవి వెనుక లోపలి వరసలోంచి కొద్ది వెంట్రుకలు కత్తిరించి, దారంతో కట్టి, చిన్న గిన్నెలో కలిపిన బ్లీచ్‌లో ముంచుతాను. అయిదు నిమిషాలకోసారి తీసి తుడిచి, ఆవిడ అరచేతిలో పెట్టి చూపిస్తాను. నలుపు ఎర్రబడుతుంది, ఎరుపు ఇటుకరంగులోకి వచ్చి చాలాసార్లు అక్కడే ఆగుతుంది. లాగితే రబ్బరులా సాగిందంటే ఆ జుట్టుకు అంతకు మించి ఓపిక లేదని అర్థం. గిన్నె వేడెక్కినా, వింత వాసన వచ్చినా లోహపు లవణాలున్న రంగు గానీ, వాటిని కలిపిన హెన్నా పొడి గానీ పడి ఉంటుంది, ఆ తల మీద బ్లీచ్‌లోనూ రంగులోనూ కలిపే పెరాక్సైడ్ పెట్టకూడదు. నేను చెప్పే వంద మాటలకంటే ఆ పాయ మాటకు విలువ ఎక్కువ. ఆవిడే ‘సరే, రెండు మూడు విడతల్లో చేద్దాం’ అంటుంది.

రంగు వేసే ప్రతి కొత్త కస్టమరుకూ 48 గంటల ముందు చర్మం మీద పరీక్ష చేయాలి, తయారీదారు సూచనలు తప్పకుండా పాటించాలి. ముదురు రంగుల్లో ఎక్కువగా ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. ఎప్పుడైనా తాత్కాలిక నల్ల టాటూ వేయించుకున్నారా అని కూడా అడగండి, వాటిలోనూ అదే రసాయనం ఉండవచ్చు. ఈ పరీక్షకు రానన్నవారికి రంగు వేయనని చెప్పేయండి. మనం ఒక్కరమే పని చేస్తున్నప్పుడు వెనుక నిలబడే యజమాని ఉండడు.

ప్రతి మనిషికీ ఒక కార్డు రాయండి, అదే రోజు రాయండి. నాకు కావలసింది ఇలా ఉంటుంది (4 అంటే కుదుళ్ల సహజ రంగు ఎంత ముదురో చెప్పే అంకె, 5.0 అంటే వేసిన రంగు నంబరు, డెవలపర్ అంటే రంగులో కలిపే పెరాక్సైడ్): ‘కుదుళ్లు 4, నెరుపు మూడోవంతు, 5.0, 6 శాతం డెవలపర్, 35 నిమిషాలు, మొత్తం కలిపింది 90 గ్రాములు, మిగిలింది 12. మెడ వెనుక సుడి ఎడమకు. డ్రయర్ వేడి పడదు. పని జరుగుతున్నప్పుడు మాట్లాడటం ఇష్టం లేదు.’ ఆ ఆఖరి వాక్యానికి నిజంగా విలువ ఉంది. రెండోసారి వచ్చినప్పుడు మీరు మౌనంగా పని మొదలుపెడితే ఆవిడకు ఎంత హాయిగా ఉంటుందో చూడండి.

మిగిలిన గ్రాములు ఎందుకంటే, ధర కట్టడం అక్కడ మొదలవుతుంది. 60 గ్రాముల ట్యూబుకు ఒకటిన్నర రెట్లు డెవలపర్ కలిపితే 150 గ్రాములు వస్తుంది. కంటితో కలిపితే సగం సింకులోకి పోతుంది. చిన్న తూకం కొనుక్కోండి. అద్దె, సామగ్రి, కత్తెర సాన, బీమా, పన్ను, మీ జీతం అన్నీ కూడి, కుర్చీలో మనిషి కూర్చుని ఉండే గంటలతో భాగించండి. తలుపు తెరిచి ఉన్న గంటలతో భాగిస్తే చేతికి ఏమీ మిగలదు. కడగడం, ఊడవడం, ఫోన్లు, లెక్కలు అన్నీ ఉచితంగా చేసిన పనిగా తేలతాయి. ‘జుట్టు పొడవును బట్టి’ అనే ధర కంటే పట్టే సమయాన్ని బట్టి ధర చెప్పడం న్యాయం, ఎందుకంటే పొట్టిగా ఉన్నా ఒత్తయిన జుట్టు గంటలు తింటుంది.

మొదటిసారి వచ్చేవారికి భారీ తగ్గింపులు ఇవ్వవద్దు. తగ్గింపు కోసం వచ్చేవారు ఇంకొకరి తగ్గింపు కోసం వెళ్లిపోతారు. మన మధ్య అసలు జబ్బు మొహమాటం. స్నేహితులు, చుట్టాలు, వాళ్ల స్నేహితులు అందరూ తగ్గించమని అడుగుతారు. ఇవ్వదలిస్తే బిల్లు మీద పూర్తి ధర రాసి, తగ్గింపు కింద చూపించండి, మీరు ఎంత వదులుకున్నారో ఇద్దరికీ తెలుస్తుంది. రెండు గంటలు దాటే పనికి అడ్వాన్సు తీసుకోండి. లేచి వెళ్లేలోపే తర్వాతి తేదీ రాయించండి, ‘ఫోను చేస్తానులెండి’ అన్నవారు చాలావరకు చేయరు.

ఫోటోల విషయం క్లుప్తంగా: అనుమతి అడిగి, ఒకే గోడ, ఒకే వెలుతురు, వెనుకవైపు తప్పనిసరి. నెల తర్వాత వచ్చినప్పుడు కడగక ముందు తీసిన ఫోటో చూస్తే ఇంకా నమ్మకం కలుగుతుంది.

చేతులు జాగ్రత్త. తడి, షాంపూ, రంగుల వల్ల చేతి చర్మం చిట్లడం ఈ వృత్తిలో మామూలు జబ్బు. రంగుకే కాదు, తల కడిగేటప్పుడూ గ్లౌజులు వేసుకోండి. మోచెయ్యి భుజాన్ని దాటి లేవకుండా కుర్చీ ఎత్తు మార్చుకుంటూ ఉండండి, బద్ధకించవద్దు. జ్వరం వస్తే జీతం రాని పని ఇది, మూడు నెలల ఖర్చు పక్కన పెట్టాకే ఉద్యోగం మానండి.

కోర్సు సంగతి. ఇప్పుడు వద్దు. ఆరు నెలలు కార్డులు రాశాక వాటిని ముందేసుకుని, ఏ పని అడిగితే మీరు తప్పించుకున్నారో, ఎవరిని వేరేచోటికి పంపారో చూడండి. ఉంగరాల జుట్టు కటింగ్ కావచ్చు, పాత రంగు సరిచేయడం కావచ్చు. ఎక్కువసార్లు కనిపించినదానికే డబ్బు కట్టి నేర్చుకోండి.