20 లక్షలతో ఎంతమంది కాలేజీ ఆటగాళ్లకు స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు?

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్ గారు రాశారు. ఆయన దగ్గర ఆట నేర్చుకున్న పాత విద్యార్థులు నలభై మంది కలిసి, కాలేజీలో ఆడే పేద పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వాలని 20 లక్షలు పోగు చేశారట. వాళ్లలో అమెరికాలో స్థిరపడినవాళ్లు "ఇక్కడ కాలేజీ ఆటలన్నీ ఫౌండేషన్ల డబ్బుతోనే నడుస్తాయి, మనమూ ఒకటి పెడదాం సార్" అంటున్నారట. ట్రస్టు రిజిస్టర్ చేసి డబ్బు ఎఫ్‌డీలో వేస్తే ఏటా పదిమందికి ఇవ్వగలమా, తమ్ముడి కూతురు కూడా రన్నరే కాబట్టి మొదటి స్కాలర్‌షిప్ ఆమెకు ఇవ్వొచ్చా అని అడిగారు.

పీడీ సార్, పదిమందికి కుదరదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే పదిమందికి అని స్టేజీ మీద ప్రకటించాక వెనక్కి తగ్గడం చాలా కష్టం.

అమెరికా పద్ధతి ఏంటో చూద్దాం. అక్కడ చాలా యూనివర్సిటీలకు అనుబంధంగా ఫౌండేషన్ అని ఒక వేరే సంస్థ ఉంటుంది, వాళ్ల పన్ను చట్టంలో 501(సి)(3) కింద గుర్తింపు పొందిన ధర్మసంస్థ. దాత శాశ్వత నిధికి ఇచ్చిన అసలు మొత్తాన్ని ముట్టుకోరు, పెట్టుబడిలో పెట్టి ఏటా సుమారు నాలుగు నుంచి ఐదు శాతం మాత్రమే స్కాలర్‌షిప్పులకు తీస్తారు, అంతకుమించి వచ్చిన రాబడిని అసలులోనే కలిపేస్తారు, లేకపోతే ధరలు పెరిగేకొద్దీ స్కాలర్‌షిప్ విలువ కరిగిపోతుంది కదా. తిరుమలలో అన్నప్రసాదం ట్రస్టుకు వచ్చిన విరాళాలు బ్యాంకుల్లో వేసి వడ్డీతో భోజనం పెట్టడం మనకు తెలిసిందే, సూత్రం అదే. కానీ అక్కడి ఆటలన్నీ ఫౌండేషన్ డబ్బే అన్నది నిజం కాదు. పెద్ద యూనివర్సిటీలకు టీవీ హక్కులు, టికెట్ల డబ్బు ఉంటుంది, చిన్నవాటికి విద్యార్థుల ఫీజులు, కాలేజీ బడ్జెట్ దన్ను. అక్కడి కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థలో మూడో డివిజన్ కాలేజీలైతే ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వవు. ఫౌండేషన్లు కూడా ఒక్క శాశ్వత నిధి మీదే కూర్చోవు, పాత విద్యార్థుల దగ్గర ప్రతి ఏడూ కొత్తగా వసూలు చేస్తూనే ఉంటాయి. మీవాళ్లు మీకు చెప్పనిది ఇదే, మీరు పట్టుకోవాల్సిందీ ఇదే.

ఇప్పుడు లెక్క. 20 లక్షల మీద ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 1.40 లక్షలు. అంతా ఖర్చు పెడితే పదేళ్ల తర్వాత కూడా అదే 1.40 లక్షలు వస్తాయి, అప్పటికి గుడ్ల ధర మాత్రం ఇలాగే ఉండదు. కాబట్టి నాలుగున్నర శాతం, అంటే 90 వేలు తీసి మిగతాది అసలులో కలపండి. నెలకు 7,500. కాలేజీలో పరుగెత్తే పిల్లకు హాస్టల్ మెస్ భోజనం చాలదని నాకంటే మీకే బాగా తెలుసు. రోజూ గుడ్లు, పాలు, అరటిపళ్లు, వారానికి రెండుసార్లు చికెన్, ఏడాదికి కనీసం ఒక జత స్పైక్స్ (మేకుల బూట్లు), ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు ముందు క్యాంపు ఖర్చులు, కండరం పట్టేస్తే ఫిజియో దగ్గరికి నాలుగైదు సిట్టింగులు... ఆ 90 వేలు ఒక్కరికి సరిపోతాయి, ఇద్దరికి సర్దితే ఇరుకే.

అందుకే నలభై మందినీ నెలకు 500 చొప్పున బ్యాంకులో ఆటో డెబిట్ పెట్టమనండి (అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల చిక్కు కింద చెప్తాను). ఏడాదికి 2.40 లక్షలు. వడ్డీతో కలిపితే 3.30 లక్షలు, నలుగురికి తలా 80 వేలకు పైనే. నలుగురికీ డిగ్రీ అయ్యేదాకా ఇస్తామని రాతపూర్వకంగా మాటివ్వండి. నాకు తెలిసిన ఒక పాత విద్యార్థుల సంఘం పదిహేనుమందికి తలా పదివేల చెక్కు ఇచ్చి శాలువాలు కప్పి ఫొటోలు దిగింది, రెండో ఏడాది డబ్బు లేదు. అందులో ఒక లాంగ్ జంప్ అమ్మాయి ప్రాక్టీసు మానేసి రేణిగుంట దగ్గర కంపెనీలో షిఫ్టు పనికి చేరిపోయింది. ఆ పిల్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఇంకోటి, ట్యూషన్ ఫీజు మీద మీ డబ్బు పెట్టకండి. అర్హత ఉన్న పిల్లలకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. తిండికి, బూట్లకు, ప్రయాణాలకు ఇచ్చేవాళ్లే తక్కువ. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకు ఎంపికైన వాళ్లకు నెలకు 10 వేలు చేతి ఖర్చులకు వస్తాయి, అలాంటి వాళ్లను వదిలేసి ఆ గీతకు కాస్త కింద ఆగిపోయిన వాళ్లను చూడండి, తారకరామ స్టేడియంలో ఓ వారం పొద్దున్నే నిలబడితే వాళ్లెవరో మీరే పట్టేస్తారు.

ట్రస్టు సంగతి. మీ నలభై మందిలో లెక్కలు చూసే సీఏ ఒకరున్నా పెట్టండి, లేదంటే ఇప్పటికే 80జి (దాతలకు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉన్న నమ్మకమైన సంస్థతో ఒప్పందం రాసుకుని నడపండి. పెడితే మాత్రం ప్రతి దాత దగ్గరా "ఇది కార్పస్ కోసం", అంటే ముట్టుకోని శాశ్వత నిధి కోసం అని ఉత్తరం తీసుకోండి. ఆ కాగితం లేకపోతే 20 లక్షలూ ఆ ఏడాది ఆదాయం కిందికి వస్తాయి, ట్రస్టు ఆదాయంలో 85 శాతం ఖర్చు చేయాలన్న నియమం మీ మెడకు చుట్టుకుంటుంది. కార్పస్‌ను బ్యాంకు డిపాజిట్ల లాంటి అనుమతించిన చోట్లే పెట్టాలి, నేరుగా షేర్లు కొనకూడదు. 80జి చూపించి విరాళాలు అడిగేటప్పుడు కూడా జాగ్రత్త, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు లేదు, పాత విధానంలో ఉన్నా 2,000 దాటిన నగదుకు రాదు.

అమెరికా మిత్రుల డబ్బు దగ్గర అసలు టెన్షన్ ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్‌ఆర్‌ఐ తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, చేతిలో ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు) ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వాళ్ల దగ్గర రూపాయి తీసుకోవాలన్నా ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి కావాలి, రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ల అనుభవం, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. వేరే సంస్థకు పంపి అక్కణ్ణుంచి మీకు మళ్లిద్దామంటే 2020 సవరణతో ఆ దారీ మూసేశారు. ఇప్పటికే వాళ్లు పంపిన సొమ్ము ఆ 20 లక్షల్లో ఉంటే, ట్రస్టు ఖాతాలో వేయకముందే ఎవరి పాస్‌పోర్టు ఏదో అడిగి విడిగా రాసుకోండి.

ఇక మీ తమ్ముడి కూతురు. మీరు ట్రస్టీ అయితే ఆమెకు ట్రస్టు డబ్బు ఇవ్వకండి సార్, ఎంత బాగా పరుగెత్తినా సరే. ట్రస్టీ బంధువులకు లాభం చేకూరిస్తే పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది, తమ్ముడి పిల్లలు కూడా ఆ లెక్కలోకి వస్తారు. ఆమెకు పెదనాన్నగా మీ పెన్షన్‌లోంచే ఇవ్వండి, ఆమె ఖాతాకు బ్యాంకు ద్వారా పంపితే చాలు, పెదనాన్న ఇచ్చిన బహుమతి మీద ఆమెకు పన్నేమీ పడదు.