చట్రం కన్నా ముందు కాలర్ లోపల ఏముందో చూడు బిడ్డా

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మహబూబ్‌నగర్‌లో కోట్ల దుకాణం తెరుస్తున్నావని నాకు ముందే తెలుసు. కుట్టిన ప్రతి కోటుతో పాటు కాలర్, లాపెళ్లు (కాలర్ కింద ఛాతీ మీదికి మడిచి ఉండే అంచులు) వంకర పోకుండా పట్టి ఉంచే చెక్క చట్రం కూడా ఇస్తావని, దాన్ని నువ్వే గీసి వడ్రంగి చేత చేయించావని మాత్రం ఇప్పుడే విన్నాను. ఫొటోలు కూడా పంపాడు. మెడ దగ్గర వంపు తిరిగిన చెక్క, దానికి రెండు పక్కలా లాపెల్ కిందికి జారే పల్చటి రెక్కలు, పైన తగిలించుకునే కొక్కెం. కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాను. మన ఇంట్లో కోట్లు కుట్టినవాళ్లం చాలామందిమే ఉన్నాం. ఆ కోటు గిరాకీ ఇంటికి వెళ్లాక దాని గతి ఏమిటని ఆలోచించిన మనిషివి మాత్రం నువ్వే. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ ఒక్కసారే వంద చట్రాలకు బయానా ఇవ్వబోతున్నావని విన్నాక నిద్ర పట్టలేదు. అందుకే తెల్లవారగానే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గుడ్డను తడిపి ఆరబెట్టాకే కోయాలని, ట్రయల్ చూడకుండా కోటు ముగించకూడదని నీకు నేను చెప్పక్కర్లేదు. దుకాణం అద్దె, బోర్డు, కరెంటు సంగతులు మీ నాన్న చూసుకుంటాడు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కాలర్‌కు ఆకారం ఇచ్చేది కుట్టు. చట్రం ఆ ఆకారాన్ని కాపాడుతుంది, అంతే. లోపల సత్తువ లేని కాలర్‌ను ఎంత మంచి చెక్క మీద పెట్టినా, తీసి తొడుక్కున్న గంటలోనే వాలిపోతుంది. అప్పుడు గిరాకీ నీ చట్రాన్నే తిడతాడు.

అందుకని లోపలి పని ముందు చూడు. కోటు లోపల బిగువు కోసం వేసే గుడ్డే కాన్వాస్. మంచి కాన్వాస్‌లో పడుగు నూలు ఉంటుంది, పేకలో గుర్రపు తోక వెంట్రుకలో మేక వెంట్రుకలో ఉంటాయి. ఆ వెంట్రుకను ఎంత వంచినా మళ్లీ తన చోటికి వస్తుంది. లాపెల్‌కు ప్రాణం అదే. కాన్వాస్‌ను లాపెల్‌కు చేతి టాకాలతో పట్టించేటప్పుడు గుడ్డను వేలి మీద మడిచి పట్టుకుని కుట్టాలి. బల్ల మీద చదునుగా పరిచి కుడితే చదునుగానే ఉండిపోతుంది. కొస దగ్గరికి వచ్చేకొద్దీ టాకాలు చిన్నవి చెయ్యి. మడత గీత వెంట నూలు పట్టీ వేస్తావు కదా, అది గీత పొడవు కన్నా పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా తక్కువ ఉండాలి. కొంచెం లాగి కుడితే లాపెల్ ఛాతీని అంటిపెట్టుకుని ఉంటుంది, నోరు తెరవదు. కింది కాలర్ రెండు ముక్కలుగా, క్రాస్‌లో, అంటే పోగులకు ఏటవాలుగా, కోసి వెనక మధ్యలో కలపాలి. నిలువులో కోస్తే మెడ చుట్టూ తిరగనంటుంది.

కాన్వాస్‌కు బదులు ఇస్త్రీతో అతికించే ఫ్యూజింగ్ బక్రం వద్దని నేను అనను. తక్కువ ధరకు కోటు కావాలన్నవాళ్లకు అదే గతి. కానీ సరైన వేడి, సరైన ఒత్తిడి లేకుండా అతికిస్తే కొన్నాళ్లకు జిగురు ఊడి గుడ్డ మీద బుడగలు లేస్తాయి. అలాంటి కోటుకు ఏ చట్రమూ సాయం చేయలేదు. ఆ సంగతి గిరాకీకి ముందే చెప్పు. దాచకు.

నీ చట్రం ఎవరికి పనికొస్తుందో నాకు బాగా తెలుసు. ఇక్కడి కోర్టు వకీళ్ల కోట్లు జీవితమంతా కుట్టాను. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతా కోర్టుల్లో వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదు. ఎండలు ముదరగానే కోటును మేకుకు తగిలిస్తారు, కుర్చీ వీపు మీద వేస్తారు, బండి డిక్కీలో కుక్కుతారు. జూన్‌లో కోర్టు తెరిచాక నా దగ్గరికి పట్టుకొస్తారు. కాలర్ మధ్యలో మేకు గుచ్చుకున్న మొన, ఒక లాపెల్ పైకి, ఒకటి కిందికి. వాళ్ల చేతిలో నీ చట్రం ఉంటే నాకు సగం పని తప్పేది. నువ్వు మొదట పెళ్లికొడుకుల వెంట పడకుండా కోర్టు దగ్గరికి వెళ్లు. పెళ్లికోటు ఏడాదికి ఒకసారి బయటికి వస్తుంది. వకీలు కోటు రోజూ నలుగుతుంది.

ఇక నాకు నిద్ర పట్టని సంగతి. మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

మీ నాన్నకు పెళ్లి కాకముందు మాట. గడియారం స్తంభం దగ్గర మా ఇద్దరికీ కలిపి ఒక చిన్న దుకాణం ఉండేది. శ్రావణ మాసం, పెళ్లిళ్ల జోరు. మిర్యాలగూడ పెళ్లికొడుక్కి మీగడ రంగు ఉన్ని కోటు. పని అంతా మీ నాన్నదే, చెయ్యి బంగారం. చివరి ఇస్త్రీ అయ్యాక చూస్తే కాలర్ మెడ వెనక కొంచెం ఎగసింది. మళ్లీ విప్పే వ్యవధి లేదు. అప్పుడు వాడికీ నీలాంటి ఆలోచనే వచ్చింది. ఇళ్లు కట్టేవాళ్లు సలాకలు బిగించే తీగ ఉంటుంది చూడు, దాన్ని రెండు పేటలుగా మెలిపెట్టి, మెడ వంపుకు సరిగ్గా వంచి, పైన మల్లు గుడ్డ పీలికలు చుట్టి కాలర్ మడత కింద పెట్టాడు. తడిగుడ్డ వేసి ఆవిరి పట్టాడు. కాలర్ చక్కగా కూర్చుంది. వాడి ముఖం వెలిగిపోయింది. నేను కూడా భుజం తట్టాను. కోటును అలాగే తగిలించి పడుకున్నాం. రాత్రంతా వాన.

తెల్లవారి చూస్తే కాలర్ మడత వెంట ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఇటుక రంగు గీత. తడి ఆరకముందే తీగ తుప్పు పట్టి, పీలికల్లోంచి ఊరి, మీగడ రంగు గుడ్డలోకి దిగిపోయింది. మీ నాన్న నిమ్మకాయ, ఉప్పు తెచ్చి రుద్దాడు. నూలు గుడ్డకైతే పనిచేసేదేమో. ఇక్కడ మరక కాస్త తగ్గింది, దాని చుట్టూ గుడ్డ రంగు తేలిపోయి తెల్లటి మచ్చ పడింది. మరక కన్నా మచ్చే పెద్దదైంది. ఇక వాడి చేతులు వణికాయి. పై కాలర్ విప్పి, మిగిలిన ముక్కలు వెతికాం. పొడవుగా ఉన్న ముక్క ఒక్కటే దొరికింది, అదీ అడ్డపోగులో. వేరే దారి లేక అదే కోసి కుట్టాడు. మొదటి బస్సుకు మిర్యాలగూడ బయలుదేరాడు, కోటును రెండు చేతుల మీద పరుచుకుని, దారి పొడవునా చేతులు దించకుండా. పెళ్లివారు ఏమీ గమనించలేదట. కానీ పెట్రోమాక్స్ వెలుగులో కాలర్ ఒక నిగ్గు, కోటు ఒక నిగ్గు ఉండటం మీ నాన్నకు కనిపించింది. కుట్టు కూలి తీసుకోకుండా వచ్చేశాడు. ఆ రోజు అన్నం తినలేదు.

నీకు ఏడెనిమిదేళ్లప్పుడు ఒక గుండుసూదిని గుడ్డలో గుచ్చి మరిచిపోయావని మీ నాన్న చెయ్యి చేసుకున్నాడు, గుర్తుందా? ఏడుస్తూ నా ఒళ్లోకి వచ్చావు. సూది కోసం అంత కోపమా అని అడిగావు. ఆ కోపం నీ మీద కాదు బిడ్డా. వాడికి అప్పుడు కనిపించింది ఆ ఇటుక రంగు గీత.

ఇప్పుడు నీ ఫొటో మళ్లీ తీసి చూడు. రెక్కలు మెడ చెక్కకు కలిసే చోట రెండు ఇనుప స్క్రూలు ఉన్నాయి. వాటిని తీసెయ్యి. వెంటనే తీసెయ్యి. ఇత్తడివి వేస్తానని అంటావేమో, తడికి ఇత్తడి కూడా చిలుము పడుతుంది. చెక్క మేకులు దిగగొట్టించు, మన వడ్రంగులకు తెలిసిన పనే. పైన కొక్కెం లోహందైనా పర్వాలేదు, గుడ్డకు తగలకపోతే చాలు.

రెండోది, చట్రానికి పోచంపల్లి ముక్కలు తొడిగించావు. చూడముచ్చటగా ఉంది, నిజం. కానీ ఎరుపు, నలుపు రంగుల గుడ్డ తడి కోటు కింద ఉంటే రంగు దిగదని ఎవరు పూచీ పడతారు? రంగు వేయని నూలు గుడ్డ, గంజి పోయేదాకా ఉతికి వాడు. ఆ పోచంపల్లి ముక్కలతో చట్రం పెట్టి ఇచ్చే సంచి కుట్టించు, అందం ఎక్కడికీ పోదు. చెక్కకు వార్నిష్ వద్దు, వేడికి జిగటగా మారుతుంది. నున్నగా గరుకు కాగితం పట్టిస్తే సరిపోతుంది. పచ్చి చెక్క అసలే వద్దు.

కొలత ఒక్కటే పెట్టావు. ముప్పై ఎనిమిది ఛాతీ మనిషికి, నలభై నాలుగు ఛాతీ మనిషికి ఒకే మెడ వంపు ఎలా సరిపోతుంది? పెద్ద చట్రం చిన్న కాలర్‌ను సాగదీస్తుంది, అప్పుడు నువ్వు కాపాడవలసిన దాన్ని నువ్వే చెడగొట్టినట్టు. కనీసం మూడు కొలతలు చేయించు. రెక్క లాపెల్ అంచు దాకా రాకూడదు, అర అంగుళం లోపలే ఆగాలి.

వాడే పద్ధతి ఒక కాగితం మీద తెలుగులో అచ్చు వేయించి ఇవ్వు. ఉన్ని పోగు ఆవిరికి మెత్తబడుతుంది, చల్లారేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే దాన్నే పట్టుకుంటుంది. కాబట్టి ఆవిరి పట్టాక కోటు పూర్తిగా చల్లారి, తడి ఆరేదాకా చట్రం మీదే కదపకుండా ఉంచాలి. అందరూ తొందరపడి తప్పు చేసేది ఇక్కడే. పాలిస్టర్ ఎక్కువున్న గుడ్డ ఆవిరికి అంతగా లొంగదని కూడా రాయి. లాపెల్ మడత మీద ఇస్త్రీ పెట్టె అదిమి గీత పడేలా చేయొద్దని పెద్ద అక్షరాల్లో వేయించు. పై గుండీకి రెండు మూడు అంగుళాల పైనే ఇస్త్రీ ఆగిపోవాలి, ఆ కింద లాపెల్ తనంతట తాను మెల్లగా తిరగాలి. తడి కోటును బీరువాలో పెట్టి తలుపు వేయొద్దని కూడా చేర్చు.

వంద చట్రాల బయానా ఆపు. నీ డబ్బు మీద నాకు అనుమానం లేదు, వాన మీద ఉంది. పదో పన్నెండో చేయించి తెలిసినవాళ్లకు ఇవ్వు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం వాటి మీదుగా పోనివ్వు. చెక్క వంగిందో, గుడ్డకు మరక అంటిందో, మనుషులు అసలు వాడారో లేదో చూసుకుని అప్పుడు వంద కాదు, రెండు వందలు చేయించు. బయానాలో నా వంతు నేను కూడా వేస్తాను.

ఈలోగా స్క్రూలు తీసేసిన చట్రం ఒకటి, నలభై కొలతది, బస్సు పార్శిల్‌లో నాకు పంపు. నా దగ్గర ఒక వకీలు గారి పాత కోటు మరమ్మతుకు వచ్చి ఉంది. కాలర్ విప్పి కొత్త కాన్వాస్ వేసి, ఆవిరి పట్టి నీ చట్రం మీద పెడతాను. ఎలా ఉందో ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెబుతాను. బాగా లేకపోతే బాగా లేదనే చెబుతాను, అప్పుడు అలగకూడదు.

వేళకు తిను. రాత్రి లైటు కింద నల్ల గుడ్డ మీద కాజాలు కుట్టకు, కళ్లు పోతాయి.

నీ పెదనాన్న