క్లీనింగ్ లిక్విడ్స్ యూనిట్‌కి షెడ్ అద్దెకు ఇవ్వొచ్చా? మాకు జరిగింది చెప్తాను

ఖాళీగా ఉన్న మీ షెడ్‌ని క్లీనింగ్ లిక్విడ్స్ చేసుకుంటామని ఒక పార్టీ అడుగుతోంది, చుట్టుపక్కల రేటు కంటే ఎక్కువ అద్దె, ఆరు నెలల అడ్వాన్స్ ఇస్తామంటున్నారు, ఇవ్వొచ్చా అని అడిగారు. ఇవ్వొద్దని చెప్పను. కానీ ఇంచుమించు ఇదే మాట చెప్పి మా షెడ్‌లో దిగినవాళ్లు లోపల ఆల్ప్రాజోలం (ఆందోళనకు డాక్టర్లు రాసే మత్తు మందు) దొంగచాటుగా తయారు చేశారు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది హైదరాబాద్‌లో జీడిమెట్ల వైపు చిన్న షెడ్. నాన్న రెండు లేత్ మిషన్లు పెట్టుకుని అక్కడ ఇరవై ఏళ్లు జాబ్ వర్క్ చేశారు. ఆయన పోయాక నడపడం నా వల్ల కాలేదు, మిషన్లు అమ్మేసి అద్దెకు పెట్టాను. వచ్చినతను ఫినాయిల్, హ్యాండ్‌వాష్ చేస్తామన్నాడు. ఆధార్ ఇచ్చాడు, జీఎస్టీ నంబర్ చూపించాడు, గేటుకి బోర్డు కట్టాడు, పూజ రోజు నన్ను పిలిచి కొబ్బరి ముక్క చేతిలో పెట్టాడు. అద్దె ఎప్పుడూ ఐదో తారీఖు దాటలేదు.

రెండో నెలలో ఒకసారి వెళ్లాను. గేటు తీయగానే ఎదురుగా అట్టపెట్టెలు, మనిషి ఎత్తున వరసగా పేర్చి ఉన్నాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక పెట్టె మీద ఊరికే వేలితో గీశాను, దుమ్ములో గీత పడింది. నెల తర్వాత మళ్లీ వెళ్తే అదే పెట్టె అక్కడే ఉంది, నేను గీసిన గీత కూడా అలాగే ఉంది, దాని మీద కొత్తగా పల్చటి దుమ్ము. సరుకు అమ్ముకునేవాడి దగ్గర ముందు వరస పెట్టె నెల రోజులు కదలకుండా ఎలా ఉంటుంది? ఆ ప్రశ్న నాకు అప్పుడే రావాలి. రాలేదు, ఎందుకంటే అద్దె టైముకి పడుతోంది.

ఆ పెట్టెల వెనక గోడలాగా ప్లైవుడ్ కొట్టించారు, "ఫార్ములా బయటికి పోకూడదు సార్" అన్నాడు, సరే అనుకున్నాను. పక్క యూనిట్ వాచ్‌మన్ రాత్రి పూట ఘాటు వాసన వస్తోందనీ, చిల్లర్ (చల్లబరిచే మిషన్) లాంటిది తెల్లవార్లూ తిరుగుతోందనీ చెప్పాడు. ఫినాయిల్ కలపడానికి చిల్లర్ దేనికి? అది కూడా నేను పట్టించుకోలేదు. ఐదో నెలలో పోలీసులు వచ్చి ప్లైవుడ్ పగలగొడితే వెనక స్టీల్ రియాక్టర్, సెంట్రిఫ్యూజ్, డ్రమ్ములు. ముందు వరస పెట్టెల్లో అన్నీ ఖాళీ సీసాలే.

ఇంత చిన్న షెడ్‌లో ఏం చేస్తారులే అనుకోవద్దు. డాక్టర్ రాసే ఆల్ప్రాజోలం మాత్రలో మందు పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో ఉంటుంది. పావు మిల్లీగ్రాము చొప్పున లెక్కేస్తే ఒక్క కిలో అంటే 40 లక్షల మాత్రలు. స్కూటర్ డిక్కీలో పెట్టుకుని పోవచ్చు, లారీ అక్కర్లేదు. అందుకే వీళ్లకు పెద్ద ఫ్యాక్టరీ కన్నా బోర్డు ఉన్న చిన్న చోటు కావాలి. 2025 సెప్టెంబర్‌లో ఓల్డ్ బోయిన్‌పల్లిలో ఏకంగా ఒక ప్రైవేటు బడి ఉన్న భవనంలోనే ఈ తయారీని తెలంగాణలో డ్రగ్స్‌ని పట్టే పోలీసు విభాగం, ఈగల్ టీమ్ పట్టుకుంది. పిల్లలు చదువుకునే భవనంలో!

ఇదంతా ఎక్కడికి పోతుందో తెలుసు కదా, చాలావరకు కల్లులోకి. చెట్టు కల్లు సరిపోక, నీళ్లలో ఇది కలిపి నిషా తెప్పిస్తారు. 2025 జూలైలో కూకట్‌పల్లి చుట్టుపక్కల కల్తీ కల్లు తాగి ఎంతమంది ఆసుపత్రుల పాలయ్యారో, కొందరు ఎలా చనిపోయారో అందరం చూశాం. నాన్న దగ్గర టర్నర్‌గా చేసిన మామ ఒకాయన ఉన్నాడు, మైక్రోమీటర్ లేకుండా చేత్తోనే సైజు చెప్పేవాడు. రోజూ సాయంత్రం కల్లు కాంపౌండ్‌కి వెళ్లేవాడు. దాడులు జరిగి నాలుగు రోజులు కాంపౌండ్ మూస్తే ఆయన చేతులు గ్లాసు పట్టలేనంతగా వణికాయి, మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. కల్లు మానితే ఫిట్స్ ఏంటని ఇంట్లోవాళ్లు దెయ్యం పట్టిందనుకున్నారు. అది కల్లు పని కాదు, ఆ మందుకు అలవాటుపడ్డ ఒళ్లు, అది ఒక్కసారిగా దొరక్కపోతే అలా అవుతుంది. ఆయన పని నేర్చుకున్న షెడ్‌లోనే ఆ మందు వండారని ఆయనకు నేనింకా చెప్పలేకపోయాను.

ఇక మీ సంగతి. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం, 1985లో సెక్షన్ 25 అని ఉంది, తెలిసి మన స్థలం వాడుకోనిస్తే తయారు చేసినవాడికి పడే శిక్షే మనకూ పడుతుంది. ఆల్ప్రాజోలం 100 గ్రాములకే కమర్షియల్ క్వాంటిటీ (వ్యాపార స్థాయి పరిమాణం) కిందకు వస్తుంది, అంటే పదేళ్లకు తగ్గని జైలు. నాకు తెలియదని నమ్మించడానికి నన్ను కాపాడింది రెండే, సంతకాలున్న రెంటల్ అగ్రిమెంట్, బ్యాంకులో పడ్డ అద్దె. ఒక్క నెల కూడా క్యాష్ తీసుకోవద్దు. అయినా షెడ్ ఏడాది పైగా సీల్‌లోనే ఉంది, కోర్టు చుట్టూ తిరగడం, అమ్మకు నిద్రలేని టెన్షన్ వేరే.

పొల్యూషన్ బోర్డు అనుమతి కాపీ అడగండి, అందులో ఏ ఉత్పత్తి, ఎంత అని రాసి ఉంటుంది, అది కూర్చుని చదవండి. లోపల ఏముందో చూడటం కన్నా గేటులోంచి ఏం బయటికి పోతోందో చూడటం ముఖ్యం, ఎందుకంటే లోపల మీకు కనబడేది వాళ్లు చూపించాలనుకున్నదే. ఫినాయిల్ చేసేవాడికి షాపులవాళ్లు ఫోన్లు చేస్తారు, ఆటోలు వస్తాయి, చుట్టుపక్కల వాళ్లు నలుగురైనా పనిలో ఉంటారు. కరెంటు బిల్లు మీ పేరు మీదే ఉంచుకుని ప్రతి నెలా చూడండి. ఒక రాత్రి చెప్పకుండా వెళ్లండి. అనుమానం వస్తే వాళ్లను నిలదీయకుండా 1933కి ఫోన్ చేయండి, డ్రగ్స్ మీద ఫిర్యాదులకు దేశమంతటికీ అదే నంబర్.

అనుమతి కాగితం వారంలో తెచ్చిస్తాం, ముందు సామాను దించుకుంటాం అంటే మాత్రం, ఆ కాగితం చేతికి వచ్చేదాకా తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.