స్క్వాట్లు చేస్తున్నా తొడ వెనక బలం రావడం లేదెందుకు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఏడాదిన్నరగా జిమ్‌కు వెళుతున్నాను. వారానికి రెండుసార్లు స్క్వాట్లు, లంజెస్, లెగ్ ప్రెస్ చేస్తాను. తొడల ముందు భాగం గట్టిపడింది గానీ వెనక భాగంలో మార్పేమీ లేదు. ఆదివారాలు ఫుట్‌బాల్ ఆడేటప్పుడు వేగంగా పరుగెత్తితే తొడ వెనక పట్టేసినట్టు ఉంటోంది. రోజూ వంగి కాలివేళ్లు అందుకునే స్ట్రెచింగ్ చేస్తున్నా ఫలితం లేదు. హ్యామ్‌స్ట్రింగ్స్‌కు (తొడ వెనక కండరాలకు) ఏ వ్యాయామాలు మంచివి?

జవాబు: మీరు చేస్తున్న మూడూ మంచి వ్యాయామాలే. చిక్కేమిటంటే, మూడింటిలోనూ బరువు ప్రధానంగా తొడ ముందు కండరాల మీద, పిరుదుల మీద పడుతుంది.

తొడ వెనక కండరాల్లో చాలావరకు, మనం కూర్చున్నప్పుడు కిందికి ఆనే ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి కింది కాలి ఎముకలకు అతుక్కుంటాయి. రెండు కీళ్ల మీదుగా వెళతాయి కాబట్టి వాటికి పనులూ రెండు. ఒకటి, ముందుకు వంగిన తుంటిని తిరిగి నిటారుగా చేయడం. రెండోది, మోకాలిని మడవడం. స్క్వాట్‌లో కిందికి దిగుతున్నప్పుడు తుంటి వైపు కండరం సాగుతుంది, అదే సమయంలో మోకాలి వైపు వదులవుతుంది. లేచేటప్పుడు ఇదే తిరగబడుతుంది. మొత్తం మీద కండరం పొడవు పెద్దగా మారదు. ఎన్ని స్క్వాట్లు తీసినా తొడ వెనక భాగం పెరగకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

అందువల్ల తుంటి దగ్గర వంగే వ్యాయామం ఒకటి, మోకాలు మడిచే వ్యాయామం ఒకటి ఉండాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే కుదరదు. తొడ వెనక ఒక చిన్న భాగం తుంటి దాకా వెళ్లనే వెళ్లదు, మోకాలు మడిస్తేనే దానికి పని.

మొదటి రకంలో నా ఓటు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌కే. డంబెల్స్ గానీ బార్‌బెల్ గానీ పట్టుకుని, మోకాళ్లు కొద్దిగా మాత్రమే వంచి, పిరుదులను వెనక్కి నెడుతూ నెమ్మదిగా దిగండి. బరువు తొడలను, మోకాళ్లను రాసుకుంటూ దిగాలి. తొడ వెనక బాగా లాగినట్టు అనిపించిన చోట ఆగి పైకి లేవండి. నేలను తాకించాలన్న పట్టుదల వద్దు. నడుము గుండ్రంగా వంగిపోతోందంటే అక్కడికే చాలా దూరం దిగిపోయినట్టు. నడుం నొప్పితో నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, అదీ పక్కవాడి బరువు చూసి!

రెండో రకంలో లెగ్ కర్ల్ యంత్రం (బరువును లాగుతూ మోకాలు మడిచేది) ఉంటే, పడుకుని చేసేదానికన్నా కూర్చుని చేసేది ఎంచుకోండి. కూర్చున్నప్పుడు తుంటి మడిచి ఉంటుంది కాబట్టి కండరం సాగిన స్థితిలోనే పనిచేస్తుంది. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో 20 మంది ఒక కాలితో కూర్చుని, మరో కాలితో పడుకుని 12 వారాలు ఈ వ్యాయామం చేశారు. కూర్చుని చేసిన కాలిలో ఈ కండరాలు సుమారు 14 శాతం, పడుకుని చేసినదానిలో 9 శాతం పెరిగాయి. యంత్రం లేకపోతే వెల్లకిలా పడుకుని, మడమల కింద తువ్వాలు వేసి, పిరుదులు ఎత్తి నున్నటి నేల మీద మడమలను ముందుకూ వెనక్కూ జరపండి. చూడటానికి తేలికే, చేస్తే తెలుస్తుంది.

మీరు ఫుట్‌బాల్ ఆడతారు కాబట్టి నార్డిక్ కర్ల్ కూడా చేర్చుకోండి. వేగంగా పరుగెత్తేటప్పుడు ముందుకు దూసుకొచ్చిన కాలికి, పాదం నేలను తాకబోయే ముందు, ఈ కండరమే సాగుతూ బ్రేక్ వేస్తుంది. ఎక్కువగా చిరిగేదీ అప్పుడే. ఆ బ్రేక్‌ను బలపరిచేదే నార్డిక్. మోకాళ్ల మీద నిలబడి, చీలమండలను ఎవరినైనా గట్టిగా పట్టుకోమని, శరీరాన్ని నిటారుగా ఉంచి నెమ్మదిగా ముందుకు వాలాలి. ఆపలేని చోట చేతులు ఆనించి, నేలను నెట్టి వెనక్కి రావాలి. క్రమం తప్పకుండా చేసిన ఆటగాళ్లలో ఈ గాయాలు దాదాపు సగానికి తగ్గినట్టు పరిశోధనలు చెబుతున్నాయి. మొదట్లో వారానికి ఒకరోజు, రెండు సెట్లు, సెట్‌కు మూడు నాలుగుసార్లు చాలు. మొదటివారం రెండు మూడు రోజులు ఒళ్లునొప్పి తప్పదు.

మిగతా రెండూ వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం 48 గంటల విరామంతో, సెట్‌కు 8 నుంచి 12 సార్లు చొప్పున మూడేసి సెట్లు చేయండి. స్క్వాట్లు అయ్యాక అలసిపోయి కాదు, వాటికన్నా ముందే.

స్ట్రెచింగ్ ఎందుకు పనిచేయలేదంటారా? పట్టేసినట్టు ఉన్న కండరం పొట్టిదే కానక్కర్లేదు, బలం చాలక కూడా అలా బిగుసుకుంటుంది. సాగిన స్థితిలో బరువు మోయిస్తే వశ్యత కూడా పెరుగుతుంది. కూర్చున్నప్పుడు కిందికి ఆనే ఎముక దగ్గరే నొప్పి ఉంటే మాత్రం వంగి సాగదీయడం ఆపేయండి, అక్కడి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) దెబ్బతిని ఉంటే అది మరింత రేగుతుంది.

పరుగులో ‘టప్’మని శబ్దం వచ్చినా, తొడ వెనక కమిలినా, నొప్పి మోకాలి కిందికి పాకుతూ తిమ్మిరి ఎక్కినా ఈ వ్యాయామాలేవీ మొదలుపెట్టకుండా వైద్యుడికి చూపించుకోండి. చివరిది నడుములోని నరం సమస్య కావచ్చు.

ఇవేమీ లేకపోతే వచ్చే వారమే మొదలుపెట్టవచ్చు. ఆట ఆదివారం కాబట్టి నార్డిక్‌ను మాత్రం బుధవారం దాటనివ్వకండి. ఆ నొప్పితో మైదానంలోకి దిగితే మొదటి పరుగులోనే మళ్లీ పట్టేస్తుంది.